తియ్యని దొరువు

నెల్లూరు పట్టణమునుండి తూర్పుగా మైపాడునకు పోవు బాటలో వరిపొలములు దాటిన పిమ్మట నేల రంగు మారును. నల్లని బంకమన్ను తొలగి తెల్లని ఇసుక కానవచ్చును. అచ్చటినుండి కడలి వరకు ఇసుక దిబ్బలు ఉత్తర దక్షిణములుగా బారులు తీరి యున్నవి. దిబ్బకును దిబ్బకును నడుమ పల్లపు నేల కలదు. దానిని మావైపు పర్ర యందురు. దిబ్బలమీద సరుగుడు తోపులు, తాటిచెట్లు, వేరుసెనగ చేలు ఉండును. పర్రలో వేసవి వచ్చునప్పటికి మంటిపై ఉప్పు తెల్లగా పేరుకొనును.

దిబ్బ యిసుకలో నిలువు లోతున గొయ్యి త్రవ్వినచో నీరు ఊరును. ఆ గోతిని దొరువు అందురు. మన పెద్దలు ఆ నీటిని కడవలతో ముంచి నారుమడులకును, కూరగాయల పాదులకును పోసెడివారు. ఇండ్లలో త్రాగుటకును అదియే. అలల ఘోష వినుచు ముంచుకొనదగినంత దగ్గరలో ఉన్నను ఆ నీరు తియ్యగా ఉండును. అచ్చటినుండి పడమరగా నడచి, అనగా సముద్రమునకు ఇంకను దూరముగా పోయి, పర్రలో బావి త్రవ్వినచో ఉప్పునీరు పడును.

"ఇది ఏల, అయ్యవారూ?" అని నన్ను ఒక బాలుడు అడిగెను. అప్పుడు వాడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను. నేను తెలుగు చెప్పుచుంటిని. నాకు ఛందస్సు తెలియును గాని నేల అడుగు సంగతి తెలియదు. "భగవంతుని లీల, నాయనా" అని తప్పించుకొంటిని. వాడు తల యూపి కూర్చుండెను. కాని సమాధానపడినట్లు ముఖమున తోచలేదు.

ఆ బాలుడు పెరిగి, 1954లో తిరుపతిలో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము చదువ చేరెను. ఎం.ఎస్సీ. చివరి యేట అతడు స్వయముగా ఒక పరిశోధన చేసి వ్యాసము వ్రాయవలసి వచ్చెను. దానిని ప్రాజెక్టు అందురు. అంతవరకు విద్యార్థికి ప్రశ్న పుస్తకములో దొరకును. జవాబు వెనుక పుటలలో దొరకును. ప్రాజెక్టునకు జవాబు ఏ పుటలోను ఉండదు. ప్రశ్నను సైతము విద్యార్థియే వెదకికొనవలెను. నిజమునకు ఆ రెండవ పనియే కష్టమని అతడు నాతో పలుమార్లు చెప్పినాడు.

మొదట అతడు ఆచార్యులవారి యొద్దకు తీసికొనిపోయిన కాగితముపై "నెల్లూరు తీరము: పుట్టుక, చరిత్ర" అని వ్రాసి యుండెనట. ఆయన చదివి నవ్వి, "దీనికి ఒక ఓడయు, పదిమంది మనుషులును, ఒక జీవితకాలమును కావలెను. నీకున్నవి కొన్ని నెలలు, ఒక సైకిలు. వాటికి సరిపడు ప్రశ్న తెమ్ము. అంతకుముందు ఆ నేలమీద ఎవరెవరు నడచిరో తెలిసికొని రమ్ము" అనెను.

ఆ విధముగా అతడు గ్రంథాలయమున కొన్ని వారములు గడపెను. భారత భూగర్భ సర్వే శాఖ 1851లో ఏర్పడినది. ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన విలియం కింగు ఆ శాఖవాడే. ఆయన నెల్లూరు సీమ నేలను గూర్చి వ్రాసిన గ్రంథము 1880లో వెలువడినది. గ్రంథనామమున మొదట వచ్చునవి రాళ్లే. అది సహజము. గూడూరు మైకా గనులు, పడమటి కొండలు చూచిన కన్నునకు తీరపు ఇసుక అంతగా ఆనదు.

ఇసుకకు మన దేశమున శాస్త్రగౌరవము కలిగించిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు ముఖ్యులు. సి.వి. రామన్ వద్ద పనిచేసి వచ్చిన ఆచార్య సి. మహాదేవన్ అచ్చట భూగర్భశాస్త్ర శాఖను పెంచి పెద్దచేసెను. 1952లో అమెరికానుండి యూజీన్ లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు వచ్చి వారితో కలిసెను. వారును, వారి శిష్యులును వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ ఋతువులో కోసికొనిపోవుచున్నదో, ఏ ఋతువులో తిరిగి చేరుచున్నదో కొలిచిరి. ఒకే చోట, ఒకే విధముగా, విసుగు లేక కొలిచిరి. మన తీరమునకు ఎదురుగా సముద్రగర్భమున ఉన్న లోతైన లోయలకు లాఫాండ్ పెట్టిన పేర్లలో "ఆంధ్ర", "మహాదేవన్", "కృష్ణ" అనునవి కలవు. నీటి అడుగున మన పేరుతో లోయ యున్నదని మనలో ఎందరికి తెలియును?

ఈ చదువు వలన మా శిష్యునకు దిబ్బల జన్మము తెలిసెను. ఇంచుమించు 20,000 సంవత్సరముల క్రిందట, భూమిపై మంచు మిక్కుటముగా పేరుకొన్న కాలమున, సముద్రమట్టము ఇప్పటికంటె 100 మీటర్లకు పైగా దిగువన ఉండెను. మంచు కరగిన కొలది నీరు పెరిగి, సుమారు 6,000 లేక 7,000 సంవత్సరముల క్రిందట నేటి మట్టమునకు చేరువయ్యెను. అటుపిమ్మట పెన్నానది తెచ్చిన ఒండ్రును, ఇసుకయు చేరి నేల తూర్పునకు పెరిగెను. నంది కొండలలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి ఊటుకూరు సమీపమున కడలిలో కలియు ఆ నది ఇసుకను అలలు ఒడ్డు వెంబడి జరుపును. గాలి దానిని ఎత్తి దిబ్బగా పోయును. నైరృతి గాలుల కాలమున ఆ ఇసుక ఉత్తరమునకు నడచును. ఈశాన్య గాలులు వీచునప్పుడు దక్షిణమునకు నడచును. కావున మన మిప్పుడు దాటు ఒక్కొక్క దిబ్బయు ఒకనాటి సముద్రపు టొడ్డు. పిడికెడు ఇసుక తీసికొని అయస్కాంతము చూపినచో నల్లని రేణువులు కొన్ని అంటుకొనును. మిగిలినదానిలో తళుకుమనునది మైకా.

దిబ్బల వయస్సు తేల్చవలెనని అతనికి కోరిక పుట్టెను. అందులకు గవ్వలలోని కార్బనును పరీక్షింపవలెను. ఆ పరీక్షకు అగు వ్యయము విద్యార్థి భరింపదగినది కాదు. "త్రాడును, సీసాయు ఉన్నచో జవాబు దొరకు ప్రశ్న ఏదియు లేదా?" అని ఆచార్యులవారు అడిగిరట. అప్పుడు అతనికి ఎనిమిదవ తరగతిలో అయ్యవారు చెప్పలేకపోయిన ప్రశ్న జ్ఞప్తికి వచ్చెను. ఆ మాట అతడు నాతో చెప్పినప్పుడు నేను సిగ్గుపడితిని. కొంచెము గర్వపడితిని గూడ.

ప్రశ్న ఇప్పుడు చిన్నదయ్యెను. తన ఊరి పొలిమేరలో, సముద్రపు టొడ్డునుండి మూడవ దిబ్బ వరకు ఉన్న దొరువులు, బావులు మాత్రమే అతని పరిధి. ఏ బావిలో నీరు ఎంత ఎత్తున ఉన్నది? ఎంత ఉప్పగా ఉన్నది? ఆ రెండింటికి సంబంధ మేమి?

భూగర్భశాస్త్రజ్ఞుడనగా చేతిలో సుత్తి ఉండవలెనని మన మనుకొందుము. ఆ తీరమున సుత్తితో కొట్టుటకు ఒక రాయియు లేదు. అతని సంచిలో ఉన్నవి సర్వే శాఖవారి పటము, ముడులు వేసిన త్రాడు, మూతల సీసాలు, నోటుపుస్తకము, విశ్వవిద్యాలయము ఎరువిచ్చిన చిన్న పరికరము ఒకటి. నీటిలో ఉప్పు హెచ్చిన కొలది విద్యుత్తు సులభముగా ప్రవహించును. ఆ పరికరము దానినే అంకెలలో చూపును. ఎత్తులు కొలుచుటకు తాపీమేస్త్రీలు వాడు నీళ్లగొట్టము తెచ్చెను. రెండు కొనలలో నీరు ఒకే మట్టమున నిలుచును గదా! ఒకనాడు రెండవ కొన పట్టుకొనుటకు మనిషి దొరకక నన్ను పిలిచెను. ఉదయమునుండి మిట్టమధ్యాహ్నము వరకు ఆ గొట్టము పట్టుకొని ఇసుకలో నిలిచితిని. పరిశోధన యన్నది ఎక్కువ భాగము నిలుచుండుటయే అని నాకు ఆనాడు తెలిసినది.

పల్లెవారు మొదట అనుమానించిరి. ప్రభుత్వమువారు నేల తీసికొనుటకు కొలిపించుచున్నారని కొందరు, పన్ను వేయుటకని కొందరు అనుకొనిరి. తమ ఊరి పిల్లవాడే యైనను పటము చేతబట్టగానే పరాయివాడయ్యెను. అతడు ప్రతి యింటికి పోయి తన పనిని తెలుగులో చెప్పవలసి వచ్చెను. ఆచార్యులవారికి ఇంగ్లీషులో చెప్పుటకంటె ఇది కష్టమయ్యెనట.

ఒక అవ్వ మాత్రము, "నోట పోసికొన్న తెలియును గదా, నాయనా! సీసాలెందుకు?" అనెను. అతడు ఆమె చేతనే ఊరి బావులను తీపి వరుసలో చెప్పించి వ్రాసికొనెను. పరికరము చూపిన వరుసయు ఇంచుమించు అదియే. వ్యాసములో ఆ అవ్వ వరుసను గూడ ఒక పుటలో చేర్చెను. అది నాకు మిక్కిలి నచ్చిన పుట.

పొరపాట్లును జరిగినవి. ఒకనాడు సీసాలపై సిరాతో వ్రాసిన అంకెలు తడికి చెరిగిపోయి, ఏ నీరు ఏ బావిదో తెలియక ఆనాటి పనియంతయు పారబోయవలసి వచ్చెను. మరునాటినుండి గుడ్డపట్టీలపై పెన్సిలుతో వ్రాసి సీసా మెడకు కట్టెను. వేసవిలో కొలిచి, పని ముగిసినదనుకొనెను. ఆచార్యులవారు, "నెల్లూరు తీరమునకు ముఖ్యమైన వర్షము ఎప్పుడు?" అని అడిగిరి. అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనముల వలన అని నెల్లూరువానికి తెలియనిదా? వాన వెలసిన పిమ్మట అన్ని బావులును మరల కొలువవలసి వచ్చెను. దొరువులలో నీరు పైకి వచ్చినది, తీపి పెరిగినది. మొదటి కొలతలు తప్పు కావు, సగము మాత్రమే.

ఇక దొరువు నీరు తియ్యగా ఉండుటకు కారణము చెప్పెదను. సావధానముగా వినుడు. లీటరు మంచినీరు 1,000 గ్రాములు తూగును. లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగును. దిబ్బపై పడిన వాన ఇసుకలో ఇంకి, క్రింద ఉన్న బరువైన ఉప్పునీటిపై తేలును. ఎంత తేలునో లెక్క కట్టవచ్చును. 40 అడుగుల ఉప్పునీటి స్తంభమును తూచుటకు 41 అడుగుల మంచినీటి స్తంభము కావలెను. 40ని 1,025తో గుణించినను, 41ని 1,000తో గుణించినను వచ్చునది 41,000. కావున దిబ్బలో మంచినీటి మట్టము సముద్రమట్టముకంటె ఒక్క అడుగు ఎత్తున ఉన్నచో, దాని క్రింద 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉండవలెను. 19వ శతాబ్ది చివర హాలండు దేశస్థుడైన గైబెన్, 1901లో జర్మనీ దేశస్థుడైన హెర్జ్‌బర్గ్ ఈ లెక్కను వేరువేరుగా కనుగొనిరి. వారిద్దరి పేర్లతోనే ఇది నేటికిని ప్రసిద్ధము. మన పెద్దలు లెక్క కట్టలేదు. దొరువును మాత్రము లోతుగా త్రవ్వలేదు.

పర్రలో సంగతి వేరు. అచ్చట పైనుండునది బంకమన్ను. వాన దానిలో ఇంకక కాలువలోనికి పారిపోవును. పోటు సమయమున ఉప్పుటేటి నీరు ఎక్కివచ్చును. ఎండకు ఇగిరి ఉప్పును విడిచిపోవును. సముద్రమునకు దూరమైనను పర్ర ఉప్పన కాక ఏమగును?

పటముపై బావులన్నియు ఈ కథనే చెప్పినవి. ఒక్కటి చెప్పలేదు. అది రెండవ దిబ్బ నడినెత్తిన ఉన్నది. తియ్యగా ఉండవలసిన చోటు. అయినను నీరు ఉప్పన. వానకాలము పిమ్మట సైతము ఉప్పు తగ్గలేదు. అది అతని మేనమామ బావి.

మేనమామ పొలము ప్రక్కన రొయ్యల చెరువు ఒకటి కలదు. 1990 ప్రాంతమునుండి మన తీరమున రొయ్యల సాగు విస్తరించినది. దానివలన ధనము వచ్చినది, తగవులును వచ్చినవి. తీర నియంత్రణ మండలములో, సంప్రదాయ పద్ధతివి తప్ప మిగిలిన రొయ్యల చెరువులను తొలగింపవలెనని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు ఈ సాగు కొరకే చట్టము చేసి, అనుమతులిచ్చుటకు ఒక అధికార సంస్థను ఏర్పరచెను. ఈ చరిత్రయంతయు ఎరిగిన మేనమామ, "అల్లుడా, నా బావిని చెడగొట్టినది ఆ చెరువే. నీవు చదువుకొన్నవాడవు. ఆ మాట నీ పుస్తకములో వ్రాయుము. దానిని పట్టుకొని నేను కలెక్టరుగారి యొద్దకు పోయెదను" అనెను. చిన్ననాడు ఆ మామయే వానికి బడి జీతము కట్టినాడు.

చెరువు యజమాని తన నీటిని సీసాలో పట్టనీయలేదు. గట్టుమీదికే రావలదనెను.

అతని ముందు రెండు సులువైన దారులు ఉండెను. మామ మాట వ్రాయుట ఒకటి. ఆ బావిని పటములో పెట్టకయే విడుచుట రెండవది. మిగిలిన బావులన్నియు లెక్కకు చక్కగా కుదిరినవి గదా. ఒక్క బావి లేనంత మాత్రమున ఎవరికి తెలియును? ఒక రాత్రి అతడు ఆ బావి లేని పటమును గీసి చూచుకొనెనట. "చాల అందముగా ఉన్నది, అయ్యవారూ. అందుకే భయము వేసినది" అని నాతో అనెను.

మరునాడు అతడు మామ బావి కడకు పోయి ఉదయమునుండి సాయంకాలము వరకు కూర్చుండి గంట గంటకు కొలిచెను. అప్పుడు తెలిసినది. ఆ బావి అడుగున మామ లోతుగా గొట్టము దింపించి మోటారు పెట్టియుండెను. సరుగుడు నారునకును, ఒక తోపు మొక్కలకును దానిని గంటల తరబడి నడుపుచుండెను. పైన చెప్పిన లెక్కను తిరుగవేసి చూడుడు. మంచినీటి మట్టము ఒక అడుగు పెరిగినచో క్రింద 40 అడుగులు మంచినీరు పెరుగునన్నచో, అదే మట్టమును మోటారుతో ఒక అడుగు దించినచో ఏమగును? ఆ చోట ఉప్పునీరు 40 అడుగుల వరకు పైకి ఉబికివచ్చుటకు దారి యేర్పడును. మోటారు నడచుచున్నంతసేపు పరికరములో అంకె పెరుగుచునే ఉండెను. ఆపిన పిమ్మట చాలసేపటికి కొంచెము తగ్గెను.

మరి చెరువు? దాని నీరు గట్టు క్రింద ఊరి బావిలో కలియుచుండవచ్చును, కలియకపోవచ్చును. చెరువు నీటిని కొలువనిదే ఆ మాట తేలదు. అతడు వ్యాసములో ఈ రెండింటిని ఉన్నవి ఉన్నట్లు వ్రాసెను: మోటారు వలన ఉప్పు పెరుగుట తాను చూచితిననియు, చెరువు పాత్రను గూర్చి తన కొలతలు ఏమియు చెప్పజాలవనియు.

మేనమామకు కోపము వచ్చెను. "ఇంతకాలము చదివించినది నా తప్పు నాకు చూపించుటకా?" అని కేకలు వేసెను. సంక్రాంతి పండుగకు ఆ యింటినుండి పిలుపు రాలేదు. నేను ఒకసారి పోయి నచ్చజెప్ప చూచితిని. మజ్జిగ ఇచ్చిరి గాని మాట సాగనీయలేదు. ఆ పిల్లవానిది తప్పని నేను అనను. మామకు కలిగిన నొప్పి అబద్ధమనియు అనను.

మౌఖిక పరీక్షకు వచ్చిన పరీక్షకుడు అందమైన పటములను వదలి సరిగా ఆ బావినే వ్రేలితో చూపి, "ఇది ఏల వేరుగా ఉన్నది?" అని అడిగెనట. అతడు గంటగంటకు తీసిన కొలతల పట్టికను ముందుంచెను. "చెరువు సంగతి?" అని మరల అడిగిరి. "నాకు తెలియదండీ. కొలువనీయలేదు" అని చెప్పెను. ఆ జవాబుతో పరీక్ష ముగిసినది. తరువాత కాఫీ ఇప్పించిరట.

ఇది జరిగి కొన్ని సంవత్సరములైనది. మా శిష్యుడిప్పుడు ఉద్యోగములో ఉన్నాడు. సెలవులకు వచ్చినపుడు ఆ పాత నోటుపుస్తకము తీసికొని బావుల వెంట ఒక మారు తిరుగును. పోయిన వేసవిలో నేనును వెంట పోతిని. మామ బావిలోని లోతు గొట్టము ఇప్పుడు లేదు. ఎవరు తీయమనిరో, ఎందుకు తీసిరో ఆ యింట ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. అత్త చేద వేసి నీరు తోడి ఇచ్చెను. నేను త్రాగితిని. తియ్యన అని చెప్పజాలను గాని మునుపటి ఉప్పు లేదు. అతడు అంకె వ్రాసికొనెను. నోటుపుస్తకములో దాని క్రింది వరుసకు "చెరువు" అని పేరు పెట్టియుండెను. దాని ఎదుట గడులన్నియు ఖాళీగా ఉన్నవి. పెన్సిలును చెవిపై పెట్టుకొని, అతడు చెరువు గట్టువైపు నడచెను.